రెండో శనివారాల మెంటరింగ్: విశ్వవిద్యాలయ కార్యాలయాల్లో పనిచేసే మహిళల కోసం నడిచిన ఆరు నెలల సేవపై ఒక సమీక్ష

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల్లోనూ పెద్ద కళాశాలల్లోనూ బోధనేతర ఉద్యోగాలు చేస్తున్న మహిళల కోసం ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల పాటు మెంటరింగ్ కార్యక్రమం, అంటే అనుభవమున్న పెద్దలు వెనక వచ్చేవారికి దారి చెప్పే కార్యక్రమం, నిర్వహించింది. నేను అందులో చేరి, చివరి సమావేశం వరకూ ఒక్కటీ మానకుండా హాజరయ్యాను. నెలకొకసారి, రెండో శనివారం నాడు, విజయనగరంలో కోటకు దగ్గరలో ఉన్న ఒక సమావేశ మందిరంలో ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకూ కూర్చునేవాళ్లం. ఈ మధ్యలో పదిహేను రోజులకొకసారి మెంటర్‌తో గంటసేపు ఫోన్లో మాట్లాడుకునే ఏర్పాటు ఉండేది. భోజనంతో కలిపి రుసుము 3,000 రూపాయలు. మొత్తం 24 మంది ఉద్యోగినులం, 8 మంది మెంటర్లు, ఒక్కొక్క మెంటర్ దగ్గర ముగ్గురు చొప్పున. సంస్థ పేరూ, నేను పనిచేసే చోటి పేరూ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే కొన్ని లోపాల గురించి చెప్పవలసి ఉంది, ఆ సందర్భాల్లో ఉన్నవారెవరో మా ప్రాంతం వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఇలాంటి కార్యక్రమం మీ దగ్గరకు వచ్చినప్పుడు చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి ఈ అనుభవం పనికొస్తుందన్న నమ్మకంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: నాకు దొరికిన మెంటర్ వల్ల ఈ సేవ నాకు కట్టిన డబ్బుకు పదింతలు విలువ చేసింది, మెంటర్ సరిగా కుదరని వారికి మాత్రం ఆరు శనివారాలు వృథా అయ్యాయి.

అసలు ఈ అవసరం ఎక్కడ పుడుతుందో చెప్పకపోతే సేవను దేనితో కొలుస్తున్నానో అర్థం కాదు. నేను జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, ఇప్పుడు పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంట్‌గా ఉన్నాను. మా గేటుకు ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. సాయంత్రం 5 గంటలు దాటాక మగ ఉద్యోగులు అక్కడ అరగంట నిలబడతారు. ఏ సెక్షన్‌లో ఖాళీ రాబోతోంది, పదోన్నతుల కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, ఎవరి ఫైలు ఎందుకు ఆగింది, డిపార్ట్‌మెంటల్ పరీక్షల నోటిఫికేషన్ వచ్చిందా లేదా అన్న సంగతులన్నీ ఆ అరగంటలోనే చేతులు మారతాయి. ఆ సమయానికి మేము బస్సు కోసం రోడ్డు మీద ఉంటాం, లేదా ఇంటి దగ్గర పిల్లల చదువుల ముందు ఉంటాం. ఒక ఏడాది ముసాయిదా సీనియారిటీ జాబితా మీద అభ్యంతరాలు తెలపడానికి ఇచ్చిన గడువు ముగిసిన మర్నాడు ఆ జాబితా వెలువడిందన్న సంగతి నాకు తెలిసింది. నోటీసు బోర్డులో పెట్టారు, నిజమే. కానీ ఆ బోర్డు నేను పనిచేసే భవనంలో లేదు. మాకు ధైర్యం తక్కువనో, చొరవ లేదనో అనేవారున్నారు. నా అనుభవంలో మాకు తక్కువైనది సమాచారం, ఆ సమాచారాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే పెద్ద దిక్కు.

ఆ పెద్ద దిక్కు మా సంస్థల్లోపలే ఎందుకు దొరకదంటే, మా సంస్థలకే వయసు తక్కువ. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో వచ్చింది. విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ 2022లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. ఇలాంటి చోట జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఆడపిల్ల మెట్టు మెట్టూ ఎక్కి అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గానో డిప్యూటీ రిజిస్ట్రార్‌గానో రిటైరై, తన వెనక వచ్చేవారికి దారి చెప్పే స్థితికి చేరుకోవడానికి కావలసినన్ని ఏళ్లు ఇంకా గడవలేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి పాత సంస్థలో ఆ తరం మనుషులు ఉంటారు, మన దగ్గర ఉండరు. అందుకే ఒక్కొక్క సంస్థ తన మనుషులతో తాను చేసుకోకుండా, రెండు జిల్లాల ఉద్యోగినులను కలిపి, బయటి నుంచి రిటైరైన అధికారిణులను మెంటర్లుగా తేవాలన్న ఆలోచన చాలా సరైనది. ఈ కార్యక్రమానికి నేను ఇచ్చే మొదటి మార్కు ఆ ఆలోచనకే.

నాకు కుదిరిన మెంటర్ ముప్ఫై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయ కార్యాలయాల్లో పనిచేసి అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా రిటైరైన ఆవిడ. మొదటి శనివారం మేము ముగ్గురం ఆవిణ్ని మేడమ్‌గారూ అని పిలిచాం. మూడో నెలకు అది అప్పా (మా వైపు అక్కను అలాగే పిలుస్తాం) అన్న పిలుపులోకి మారింది, అలా పిలిపించుకోవడం ఆవిడకూ ఇష్టమే. మొదటిరోజే ఆవిడ ఒక పని చెప్పారు: వచ్చే నెల వచ్చేటప్పుడు మీరు ఈమధ్య రాసిన నోట్ ఫైల్ ఒకటి, అంటే ఒక విషయం మీద నిర్ణయం కోరుతూ పై అధికారికి రాసే నోట్, పేర్లూ నంబర్లూ కొట్టేసి, నకలు తెచ్చుకోండి అని. నేను పరీక్షల జవాబు పుస్తకాల కొనుగోలు మీద రాసిన మూడు పేజీల నోట్ తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, పెన్సిల్ చేతబట్టి, మూడు పేజీలూ నిదానంగా చదివి, ఒక్క గీత కూడా పెట్టకుండా నా వైపు తిప్పి, "ఇంత రాసేవు కదమ్మా, ఇందులో నీ మాటేది?" అని అడిగారు. నిజంగానే అందులో నా మాట లేదు. పాత ఉత్తర్వులన్నీ వరసగా ఎత్తి రాసి, చివర ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది అని ముగించాను. ఇన్నేళ్లుగా నేను నోట్ ముగించిన తీరు అదే.

అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. నోట్‌లో సిఫారసు లేకపోతే పై అధికారి దాని మీద "ప్లీజ్ డిస్కస్" అని రాసి పంపిస్తారు. చర్చించడానికి సూపరింటెండెంట్‌గారు లోపలికి వెళతారు. ఫైలు తయారు చేసినది నేనైనా ఆ గదిలో మాట్లాడేది ఆయన. ఆ విషయం తెలిసిన మనిషి ఆయనేనని అధికారికి గుర్తుండిపోతుంది. అంటే నేను అణకువ అనుకుని వదిలేసిన ఆ చివరి పేరా నన్ను ఏళ్ల తరబడి కనపడకుండా చేసింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తరవాత ఆవిడ పక్కన కూర్చుని అదే నోట్‌ను తిరగరాశాను. అడుగుతున్నది ఏమిటి, స్టాకులో ఎన్ని పుస్తకాలున్నాయి, పరీక్షల తేదీ నాటికి ఎన్ని కావాలి, కొనుగోలు నిబంధన ఏమంటోంది, ఆ పద్దు కింద నిధులు మిగిలి ఉన్నాయా, ఉన్న రెండు మార్గాలేమిటి, వాటిలో ఏది మేలని నా అభిప్రాయం, ఎందుకు: ఇంతే, పేజీంబావులో అయిపోయింది. నోట్ ఇంగ్లీషులోనే రాస్తాం గనక వాక్యాల దగ్గర నేను తడబడితే ఆవిడ ముందు తెలుగులో చెప్పించుకుని, తరవాత ఇంగ్లీషులోకి మార్పించారు. ఆ పద్ధతిలో రాసిన తరవాతి ఫైలు ప్రశ్న లేకుండా ఆమోదం పొంది వచ్చింది. దాని తరవాతి ఫైలు మీద ఒక సందేహం వస్తే, దాన్ని తీర్చడానికి అధికారి నన్నే పిలిచారు.

మూడో నెల సర్వీస్ రిజిస్టర్ల వంతు, అంటే ఉద్యోగి కొలువు వివరాలన్నీ ఎక్కించే పుస్తకాల వంతు, వచ్చింది. సర్వీస్ రిజిస్టర్‌ను ఏడాదికొకసారి ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్న నియమం ప్రభుత్వ కొలువుల్లో ఎప్పటినుంచో ఉంది, కానీ మా ముగ్గురిలో ఒక్కరమూ మా రిజిస్టర్‌ను రెండేళ్లుగా తెరిచి చూడలేదు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమోనన్న మొహమాటం తప్ప ఇందుకు వేరే కారణం లేదు. మెంటర్ పట్టుబట్టి మా చేత దరఖాస్తు పెట్టించి, నకళ్లు తెప్పించారు. నేను పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి డిపార్ట్‌మెంటల్ పరీక్షల నవంబరు విడతలో సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్ట్ పాసయ్యాను. ఆ సంగతి నా రిజిస్టర్‌లో ఎక్కడా ఎక్కలేదు. ఫలితాల ప్రతి, హాల్ టికెట్ నకలు జతచేసి లేఖ ఇస్తే నలభై రోజుల్లో ఎంట్రీ పడి, కింద అధికారి సంతకమూ పడింది. పదోన్నతుల కమిటీ కూర్చున్న రోజున ఆ ఎంట్రీ లేకపోతే నా పేరు అర్హుల వరసలోకే వచ్చేది కాదు. మా జట్టులోని ఇంకొక ఆవిడకు ఆర్జిత సెలవుల ఖాతా రెండేళ్లుగా నింపలేదని అప్పుడే బయటపడింది. ఈ ఒక్క శనివారం కోసమైనా రుసుము కట్టవచ్చునని నేను ఎవరికైనా చెబుతాను.

ఫోన్ మాటల్లో ఎక్కువగా సెలవుల సంగతులే వచ్చేవి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా ఉద్యోగులకు శిశు సంరక్షణ సెలవు 2016లో 60 రోజులుగా మొదలై, 2022లో 180 రోజులకు పెరిగింది. అయితే ప్రభుత్వం ఇచ్చిన జీవో విశ్వవిద్యాలయ ఉద్యోగికి తనంత తాను వర్తించదనీ, దాన్ని విశ్వవిద్యాలయ పాలక మండలి స్వీకరించి ప్రొసీడింగ్స్ (ఉత్తర్వులు) ఇచ్చిందా లేదా చూసుకోవాలనీ, దరఖాస్తులో జీవో నంబరుతో పాటు ఆ ప్రొసీడింగ్స్ నంబరు కూడా రాయాలనీ మెంటర్ చెప్పేదాకా నాకు తెలియదు. సెలవు అడగడానికి గది బయట గంటసేపు నిలబడి ఎవరి మంచి మనసు కోసమో ఎదురుచూడడానికీ, నంబరు వేసి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవడానికీ ఎంత తేడా ఉందో అనుభవించినవారికే అర్థమవుతుంది.

ఇక సమావేశాల్లో జరిగిన ఉపన్యాసాల గురించి. వీటి విషయంలో నాకు తృప్తి లేదు. నాయకత్వం, ఆత్మవిశ్వాసం, సమయపాలన అంటూ తెర మీద చూపించిన బొమ్మలన్నీ కంపెనీ ఉద్యోగుల కోసం తయారైనవి. క్లయింటు, టార్గెట్, క్వార్టర్ అన్న మాటలే తప్ప తపాలు, రిజిస్టరు, ఆడిట్ అభ్యంతరం, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రాక, పరీక్షా ఫలితాల ముందు రాత్రి పదింటి దాకా సాగే ట్యాబ్యులేషన్ (మార్కులను పట్టికల్లోకి ఎక్కించే) పని ఎక్కడా కనిపించలేదు. చేతికిచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మెంటరింగ్ మీద పరిశోధన చేసిన క్యాథీ క్రామ్ 1980లలోనే దీనికి రెండు పనులున్నాయని చెప్పారు: మనిషికి అండగా ఉండి, మనసు నిలబెట్టడం ఒకటి, ఉద్యోగంలో పైకి వెళ్లే దారిని చూపించి, కష్టమైన పనులు ఇప్పించి, పెద్దల దృష్టికి తీసుకువెళ్లడం రెండవది. ఉపన్యాసాలన్నీ మొదటిదాని చుట్టూనే తిరిగాయి. మంచి మెంటర్లు దొరికిన చోట మాత్రమే రెండవది జరిగింది, అదీ కార్యక్రమ ప్రణాళికలో లేకుండా, వారి వ్యక్తిగత శ్రద్ధ వల్ల.

మెంటర్ల కేటాయింపులోనే పెద్ద లోపం ఉంది. 8 మందిలో ఐదుగురే కార్యాలయాల నుంచి వచ్చినవారు. మిగిలిన ముగ్గురు ప్రొఫెసర్లు. వారు గొప్ప విద్వాంసులు, మర్యాదస్తులు, మాకు మేలు చేయాలన్న మనసూ ఉన్నవారే. కానీ వారి ఉద్యోగ జీవితం వేరు: పీహెచ్‌డీ, పరిశోధన పత్రాలు, ప్రాజెక్టులు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం వచ్చే పదోన్నతి. గ్రంథాలయ విభాగం నుంచి వచ్చిన ఒక సహోద్యోగినికి మెంటర్‌గా వచ్చిన ప్రొఫెసర్‌గారు ఆరు నెలలూ ఆమెను పీహెచ్‌డీ చేయమనే ప్రోత్సహించారు. ఆమెకు కావలసింది మాత్రం తన జీతం ఖరారులో, అంటే పే ఫిక్సేషన్‌లో జరిగిన పొరపాటును ఎలా ఎత్తిచూపాలో చెప్పే మనిషి. దేశం మొత్తం మీద కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. 1987లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలై, 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా మారిన శిక్షణ కేంద్రాలకు 2023లో మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు అని పేరు వచ్చింది; ఆ పేరులో టీచరే తప్ప మాలాంటివారు లేరు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన జాతీయ మెంటరింగ్ మిషన్ కూడా అధ్యాపకుల కోసమే. విశ్వవిద్యాలయం అనగానే తరగతి గది గుర్తుకు రావడం సహజమే, కాదనను. అయితే విద్యార్థి చేతికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ వెళ్లే దారిలో ఉన్న మనుషులకు కూడా ఎదుగుదల కావాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంఘటన నాలుగో నెలలో జరిగింది. మా బృందంలోని ఒక అమ్మాయి తన సెక్షన్ అధికారి ఎప్పుడూ సాయంత్రం 4:45కే కొత్త పని ఎందుకు ఇస్తారో అర్థం కావడం లేదని తన మెంటర్ దగ్గర చెప్పుకుంది. వారం తిరగకుండా ఆ మాట ఆ అధికారి చెవికి చేరింది. ఎలా చేరిందో తేలలేదు. మెంటర్ ఎవరితోనైనా మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ ఆ అమ్మాయి తరవాతి రెండు శనివారాలూ వచ్చి, నోరు విప్పకుండా కూర్చుని వెళ్లిపోయింది. మొదటిరోజు మా చేత సెల్ నంబర్లు, ఫొటోలు తీసుకున్నారు గాని, ఇక్కడ అన్న మాట ఇక్కడే ఉంటుందన్న ఒప్పందం మీద ఎవరి సంతకమూ తీసుకోలేదు. మేము గట్టిగా అడిగాక ఐదో నెలలో అలాంటి కాగితం తెచ్చి మెంటర్లందరి చేతా సంతకాలు పెట్టించారు, సమన్వయకర్త ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పారు. అడిగినందుకు విసుక్కోలేదన్నది నిజం, కానీ అది మొదటిరోజే జరగవలసిన పని. అందరికీ అందరూ తెలిసిన మన చిన్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మీరు చేరేముందు అడగవలసిన తొలి ప్రశ్న ఇదే.

ఉపన్యాసాల్లో ఒకటి మాత్రం నిజంగా ఉపయోగపడింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం మీద ఒక న్యాయవాది గంటన్నర మాట్లాడారు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలనీ, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చుననీ, విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలనీ, అంతర్గత కమిటీకి మహిళే అధ్యక్షత వహించాలనీ, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలు ఉండాలనీ వివరించారు. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కమిటీలో బోధనేతర ఉద్యోగులు ఇద్దరు ఉండాలన్న సంగతి మాలో సగం మందికి తెలియదు. మెంటర్ దగ్గర చెప్పుకోవడం ఫిర్యాదు కిందికి రాదనీ, అలాంటి మాట విన్న మెంటర్ సర్దిచెప్పడానికి ప్రయత్నించకుండా కమిటీకి దారి చూపించాలనీ ఆ న్యాయవాది స్పష్టంగా చెప్పారు. ఇది మొదటి నెలలోనే పెట్టవలసిన పాఠం, ఆఖరి నెలలో పెట్టారు.

ఏర్పాట్ల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. హాలు శుభ్రంగా ఉంది, భోజనం ఇంటి భోజనంలా ఉంది. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కి నాతవలస మీదుగా వెళితే పదింటికి ముందే చేరేదాన్ని. అక్టోబరులో రెండో శనివారం విజయదశమి పడడంతో ఆ సమావేశాన్ని సోమవారం సాయంత్రానికి ఆన్‌లైన్‌లో మార్చారు. అది పైడితల్లి అమ్మవారి తొలేళ్ల రోజు, అంటే సిరిమాను ఉత్సవానికి ముందురోజు. విజయనగరం ఆడవాళ్లు ఆ సాయంత్రం ఫోన్ ముందు కూర్చోగలరని అనుకున్నవారికి ఈ ఊరు తెలియదన్నమాటే. 24 మందిలో తొమ్మిది మందిమి కలిశాం, విజయనగరం వాళ్లు ఒక్కరూ లేరు. ఆ పాఠాన్ని మళ్లీ పెట్టలేదు.

వీటన్నిటి కన్నా లోతైన ప్రశ్న సమయానిది. బ్రిటన్‌లో 2013 నుంచి ఉన్నత విద్యాసంస్థల మహిళల కోసం అరోరా అనే నాయకత్వ కార్యక్రమం నడుస్తోంది; అధ్యాపకులతో పాటు కార్యాలయ ఉద్యోగినులు కూడా అందులో చేరవచ్చు, చేరిన ప్రతి ఒక్కరికీ సొంత సంస్థలోనే ఒక మెంటర్‌ను చూపించే పద్ధతి ఉంది. అంటే పంపించే సంస్థ కూడా అందులో భాగస్వామి. మా దగ్గర సంస్థల పాత్ర మా పేర్లు పంపడంతో ముగిసిపోయింది. సెలవు రోజున, సొంత డబ్బుతో, ఇంటి పని ముందుగానే ముగించుకుని వచ్చి నేర్చుకున్నదాన్ని సోమవారం నాడు వాడుకునే అవకాశం ఇచ్చేది మా అధికారులే కదా. వారిని ఆరు నెలల్లో ఒక్కసారైనా పిలిచి కూర్చోబెట్టి ఉంటే, సభ్యురాలు నేర్చుకున్న పనికి తగిన ఫైళ్లు ఇప్పించే మాట అక్కడే తీసుకోగలిగేవారు. రెండు సమావేశాలైనా పనిదినాల్లో, ఆన్ డ్యూటీ మీద పెట్టమని చివరి రోజు అభిప్రాయ పత్రంలో రాసి ఇచ్చాను.

అదే పత్రంలో రాసిన ఇంకొక మాట ఉంది. ఈ కార్యక్రమంలో రెగ్యులర్, టైమ్ స్కేల్ ఉద్యోగులకే చోటిచ్చారు. మా పరీక్షల విభాగంలో మార్కుల ఎంట్రీ, హాల్ టికెట్ల తయారీ, విద్యార్థుల ఫోన్లకు జవాబులు, అన్నీ చేసేది ఔట్‌సోర్సింగ్ మీద వచ్చిన ముగ్గురు అమ్మాయిలు. వారిలో ఒకరు పదకొండేళ్లుగా నా పక్క కుర్చీలో ఉంది. నేను విజయనగరం నుంచి వచ్చిన ప్రతి సోమవారం మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునేటప్పుడు, "ఈసారి ఏటి చెప్పేరప్పా?" అని అడిగేది, నేను చెప్పినవన్నీ ఒక పాత డైరీలో రాసుకునేది. నోట్ రాసే పద్ధతి ఇప్పుడు నా కన్నా ఆమెకే బాగా వచ్చు, కానీ ఆ నోట్ కింద ఆమె సంతకం ఉండదు. రాబోయే విడతకు ఆమె పేరు సిఫారసు చేస్తూ, రుసుములో సగం నేనే కడతానని సమన్వయకర్తకు ఉత్తరం రాశాను. అర్హతల మీద ఆలోచిస్తున్నామని జవాబు వచ్చి ఇప్పటికి రెండు నెలలైంది.